అమ్మబోయే ఇంట్లో ముందు తీసేయాల్సింది అనుమానం

ఇల్లు అమ్మాలని నిర్ణయం కాగానే చాలామంది ఆలోచన రంగుల మీదికి పోతుంది. గోడలకు కొత్త రంగు, కిటికీలకు కొత్త కర్టెన్లు, చేతిలో ఇంకొంత డబ్బు ఉంటే వంటగదికి కొత్త అలమరలు, ఇలా ఖర్చు పెరుగుతూ పోతుంది. తీరా చూడటానికి వచ్చినవారు ఆ కర్టెన్ల వంక ఒక్కసారి చూసి, స్నానాలగది తలుపు అడుగున చెక్క ఉబ్బి ఉండటాన్ని రెండుసార్లు చూస్తారు. వంగి వేలితో నొక్కి చూసేవారూ ఉంటారు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎన్నాళ్లుగా వస్తున్నాయి, గోడలోకి ఎంత మేర దిగాయి అన్న ప్రశ్నలను వారు పైకి అడగరు. మనసులోనే లెక్క వేసుకుని ధర తగ్గించి చెబుతారు, లేదా మళ్లీ ఫోన్ చేయరు. అమ్మకానికి ఇంటిని సిద్ధం చేయడంలో అసలు పని ఈ పైకి అడగని ప్రశ్నలకు ముందుగానే జవాబు చెప్పడం. అలంకరణ దాని తర్వాతి మాట.

అమ్మేవారికి తెలిసినదానికీ కొనేవారికి తెలిసినదానికీ మధ్య ఉండే ఈ తేడా మార్కెట్‌ను ఎలా దెబ్బతీస్తుందో అమెరికన్ ఆర్థికవేత్త జార్జ్ ఆకర్లాఫ్ 1970లోనే పాత కార్ల ఉదాహరణతో వివరించారు. సరుకు లోపల ఏముందో అమ్మేవారికి మాత్రమే తెలిసినప్పుడు, కొనేవారు మంచిదానికీ నాసిరకానికీ కలిపి ఒక సగటు ధరే ఇవ్వజూపుతారని, దాంతో మంచి సరుకు ఉన్నవారే ఎక్కువగా నష్టపోతారని ఆ వాదన సారాంశం. ఈ తరహా మార్కెట్ల విశ్లేషణకే 2001లో మైకేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లతో కలిసి ఆయనకు అర్థశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది. ఇల్లు కారు కన్నా గుట్టుగా ఉండే సరుకు. పైపులు గోడల్లో, కరెంటు తీగలు గొట్టాల్లో, పునాది నేలలో ఉంటాయి. జీవితంలో అన్నిటికన్నా పెద్ద ఖర్చుకు సిద్ధపడుతున్న మనిషి మాత్రం ఒకటి రెండుసార్లు వచ్చి, అరగంటో గంటో తిరిగి చూసి ఒక అభిప్రాయానికి రావాలి. చూడలేనివాటి గురించి అతడికి మిగిలే ఆధారం చూడగలిగినవే. అందుకే కంటికి కనిపించే చిన్న లోపం, కనిపించని పెద్ద లోపానికి ఆనవాలుగా మారిపోతుంది.

వంటగదిలో కారుతున్న కుళాయినే తీసుకుందాం. అందులో అరిగిపోయింది గోరంత రబ్బరు వాషర్ అని, దాన్ని మార్చడం పావుగంట పని అని ఇంటివారికి తెలుసు; తెలుసు కాబట్టే రెండేళ్లుగా దాన్ని పట్టించుకోలేదు. చూడవచ్చినవారికి ఆ సంగతి తెలియదు. కుళాయి కింద సింకులో పసుపుపచ్చగా పడిన చార వారికి మూడు విషయాలు చెబుతుంది: ఇది నిన్న మొన్న మొదలైంది కాదు, దీన్ని చూసి కూడా ఎవరూ బాగుచేయలేదు, బయటికి కనిపించేదాన్నే ఇలా వదిలేసినవారు కనిపించనివాటిని ఎలా ఉంచి ఉంటారో. బాగుచేయడానికి అయ్యే నిజమైన ఖర్చుకూ, కొనేవారు ఊహించుకునే ఖర్చుకూ మధ్య ఉన్న ఈ దూరంలోనే అమ్మేవారి లాభం దాగి ఉంది. చవకగా సరిచేయగలిగి, చూసేవారికి మాత్రం ఖరీదైనదిగా కనిపించే లోపాలను ఏరి సరిచేయడం కన్నా మంచి ఫలితమిచ్చే పని ఈ మొత్తం వ్యవహారంలో ఇంకొకటి లేదు. ఊగిసలాడే తలుపు పిడి, వెలగని బల్బు, పగిలిన స్విచ్చు పలక, పడని గడియ, కదిలే నేల పలక, తలుపు తీసినప్పుడు కిర్రుమనే మడతబందు, ఇవన్నీ ఆ కోవలోనివే.

లోపాలన్నింటిలో నీటి విషయం వేరు. చెమ్మ మరక కనిపించిన ఇంట్లో మిగతా ఏదీ సరిగా కనిపించదు. అమ్మేవారు ఎక్కువగా పొరపాటు చేసేదీ ఇక్కడే, ఎందుకంటే మరక మీద రంగు వేయడం చాలా తేలిక. తడి ఉన్న గోడకు వేసిన రంగు కొన్ని వారాల్లోనే బుడగలు కట్టి, ఆ తర్వాత పెచ్చులుగా లేస్తుంది. ఇంటిని చూపించే రోజులు సరిగ్గా ఆ వారాల్లోనే వస్తాయి. గోడ మీద తెల్లగా పొడిలా పేరుకునేది, నీటిలో కరిగి ఇటుక లోపలి నుంచి బయటికి వచ్చి, నీరు ఆరిపోయాక మిగిలిన లవణం. దాన్ని తుడిచేసినంత మాత్రాన నీటి దారి మూసుకోదు, మళ్లీ వస్తుంది. ముందు తడి మూలం తెలియాలి. నేల నుంచి పైకి ఎగబాకే చెమ్మ సాధారణంగా గోడ అడుగుభాగంలో మీటరు ఎత్తు దాటకుండా అడ్డ పట్టీలా కనిపిస్తుంది. సీలింగు మీద గుండ్రంగా, అంచు ముదురుగా పడిన మరక పైకప్పు నుంచో పై అంతస్తు పైపు నుంచో వచ్చి ఉంటుంది. స్నానాలగదికి అవతలి వైపు గోడ ఉబ్బితే, టైల్స్ సందుల్లోని సిమెంటు ఊడి నీరు లోపలికి దిగుతోందని అనుమానించాలి. పైపు ఎక్కడైనా కారుతోందేమో తెలుసుకోవడానికి గోడ పగలగొట్టనక్కర్లేదు. నీటి మీటరు ఉన్న ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, మీటరు అంకెలు రాసిపెట్టుకుని, రెండు గంటల పాటు నీళ్లు వాడకుండా ఉండి మళ్లీ చూస్తే సరిపోతుంది. అంకె కదిలిందంటే నీరు ఎక్కడో పోతున్నట్టే.

మూలం దొరికి మరమ్మతు అయ్యాక కూడా గోడకు ఆరే వ్యవధి ఇవ్వాలి. మందపాటి గోడలు ఆరడానికి 25 మిల్లీమీటర్ల మందానికి సుమారు ఒక నెల అని నిర్మాణరంగంలో ఒక మోటు లెక్క ఉంది. గాలి, ఎండ, గోడ రకాన్ని బట్టి అది మారుతుంది గానీ, వచ్చే ఆదివారం ఇంటిని చూపించబోతూ ఈ శుక్రవారం చెమ్మ సంగతి చూడటం ఎందుకు కుదరదో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. తయారీ నాలుగైదు నెలల ముందు మొదలుపెట్టాలని చెప్పడానికి ప్రధాన కారణం ఇదే. మిగతా పనులన్నీ కలిపినా కొన్ని వారాల్లో అయిపోతాయి.

పగుళ్ల విషయంలో భయం, నిర్లక్ష్యం రెండూ ఎక్కువే. గిలాబా ఆరేటప్పుడు పడే వెంట్రుక వాటం గీతలకు పెద్ద అర్థం లేదు. పుట్టీ పెట్టి రంగు వేస్తే పోతాయి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే పగులు, ఇటుకల వరుసల వెంట మెట్లు మెట్లుగా దిగే పగులు, ఒక చివర సన్నగా, మరొక చివర వెడల్పుగా ఉండే పగులు మాత్రం పునాది ఎక్కడో కుంగుతోందని చెప్పే అవకాశం ఉంది. బ్రిటన్‌లో నిర్మాణ నిపుణులు చాలాకాలంగా వాడుతున్న వర్గీకరణ ప్రకారం 5 మిల్లీమీటర్ల లోపు పగుళ్లు ప్రధానంగా పైపూతకు సంబంధించినవి, అంతకు మించినవి నిపుణుడు చూడాల్సినవి. వెడల్పు ఎంత అన్నదాని కన్నా పెరుగుతోందా లేదా అన్నది ముఖ్యం. పగులుకు అడ్డంగా పెన్సిలుతో గీత గీసి, రెండు చివర్లలో గుర్తులు పెట్టి, తేదీ రాసి, కొన్ని నెలల పాటు కొలుస్తూ పోతే అది నిలకడగా ఉందో లేదో తెలుస్తుంది. ఆ కొలతల కాగితం తర్వాత కొనేవారి ఇంజినీరు చేతికి ఇవ్వగలిగితే, అతడు ఊహించి రాయబోయే ఒక పేరా తప్పుతుంది.

వాసన సంగతి ఇంటివారు ఎప్పటికీ సొంతంగా తేల్చుకోలేరు. ముక్కు ఏ వాసనకైనా కొన్ని నిమిషాల్లోనే అలవాటు పడుతుంది. ఏళ్ల తరబడి ఉంటున్న ఇంటి వాసన ఆ ఇంటివారికి అసలు తెలియదు. మొహమాటం లేకుండా చెప్పగలిగిన బయటి మనిషిని ఒకరిని పిలిచి, గుమ్మం దాటిన మొదటి క్షణంలో ఏమనిపించిందో అడగడమే మార్గం. పెంపుడు జంతువులు, సిగరెట్టు పొగ, పాత నూనె, తడిసి ఆరిన కార్పెట్టు, అటక మీది పాత పరుపులు, ఇవన్నీ తమ తమ వాసనలను గుడ్డల్లోనూ చెక్కలోనూ దాచుకుంటాయి. సుగంధపు స్ప్రే కొట్టడం ఇక్కడ తప్పుడు వైద్యం. ఘాటైన పరిమళం తగలగానే అనుభవం ఉన్నవారు దాని వెనక ఏముందోనని వెతుకుతారు. వాడకుండా వదిలేసిన స్నానాలగదిలో మురుగు వాసన వస్తుంటే కారణం చాలాసార్లు అతి చిన్నది. నేల జాలీ కింద వంపు గొట్టంలో ఎప్పుడూ నిలిచి ఉండాల్సిన నీరు ఆవిరైపోతుంది, ఆ నీరే అడ్డుగా ఉండి ఆపే మురుగు గాలి పైకి వస్తుంది. ఒక చెంబెడు నీళ్లు పోస్తే ఆ దారి మూసుకుంటుంది. ఈ సంగతి తెలియక స్నానాలగది మొత్తం తవ్వించిన ఇళ్లు ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు.

ఏది చేయాలన్నదాని కన్నా ఏది చేయకూడదన్నది తేల్చడమే కష్టం. పాడైనదాన్ని బాగుచేయడం వేరు, బాగున్నదాన్ని ఇంకా గొప్పగా మార్చడం వేరు. మొదటిదానికి పెట్టిన డబ్బు అనుమానాన్ని తగ్గిస్తుంది కాబట్టి ధరలో ఏదో ఒక రూపంలో తిరిగి వస్తుంది. రెండోది అమ్మేవారి అభిరుచి. వంటగది గట్టుకు వేసిన ఖరీదైన నల్ల రాయి నచ్చనివారికి అది కొత్త ఖర్చు, పగలగొట్టించే ఖర్చు కూడా కలిపి. మరో నెలలో ఖాళీ చేసే ఇంట్లో స్నానాలగదిని మొత్తం మార్పించి, దాని బిల్లును ధరకు కలపాలని చూసేవారు, తాము చేసింది కొనేవారి కోసమని నమ్ముతారు. కొనేవారికి తమ స్నానాలగది ఎలా ఉండాలో వారి ఊహ వారికి ఉంటుంది. పాతదైనా పనిచేస్తూ, శుభ్రంగా ఉన్న వంటగది అమ్మకానికి అడ్డు రాదు. పాతబడి, జిడ్డు పట్టి, రెండు సొరుగులు జారని వంటగది అడ్డు వస్తుంది. అక్కడ చేయాల్సింది జిడ్డు తీయడం, సొరుగులు సరిచేయడం. గోడల రంగు విషయంలోనూ అంతే. గది ఒక్కో రంగులో ఉంటే చూసేవారి దృష్టి రంగుల మీదే ఆగిపోతుంది. లేత రంగు ఒకటే ఇల్లంతా ఉంటే గదులు ఒకదానిలోకి ఒకటి సాగినట్టు కనిపిస్తాయి. చాలా పాత ఇళ్లలో రంగు గీకేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. వెనకటి రంగుల్లో సీసం కలిపేవారు, దాన్ని పొడిగా గీకితే లేచే ధూళి పిల్లలకు ప్రమాదకరం. అలాంటి చోట తడిపి గీకించాలి, లేదా ఆ పని తెలిసినవారికే అప్పగించాలి.

సామాను తగ్గించమని అందరూ చెబుతారు. ఎందుకో తక్కువమంది చెబుతారు. చూడవచ్చినవారు అలమరలు తెరుస్తారు. తెరవగానే గుడ్డలు మీద పడితే, ఈ ఇంట్లో సర్దుకునే చోటు చాలదన్న మాట వారికి ఎవరూ చెప్పక్కర్లేదు. అదే అలమర సగం ఖాళీగా ఉంటే చోటు మిగిలిందని అర్థం. అలమర కొలతలు రెండు సందర్భాల్లోనూ ఒకటే. అలాగని ఇంటిని పూర్తిగా ఖాళీ చేస్తే మరొక చిక్కు వస్తుంది. ఖాళీ గదిలో కంటికి కొలతకు ఏ ఆధారమూ దొరకదు, మంచం పడుతుందో లేదో తెలియదు, గోడ మీది ప్రతి మచ్చా కనిపిస్తుంది. గదికి దాని పని తెలిసేలా నాలుగు వస్తువులు ఉంచి, మిగిలినవి ముందే మూటలు కట్టి తరలించడం మేలు. ఎలాగూ ఆ మూటలు కట్టాల్సినవే. గోడ నిండా ఉన్న కుటుంబ ఫొటోలను తీయమనడంలో కాస్త కఠినత్వం ఉందనిపించవచ్చు. వాటిని చూస్తున్నంతసేపు వచ్చినవారికి తాము ఇంకొకరి ఇంట్లో ఉన్నామనే అనిపిస్తుంది, తమ సోఫా ఎక్కడ వేసుకోవాలన్న ఆలోచన రాదు. భద్రత కూడా మరవకూడదు. ముక్కూమొహం తెలియనివారు ఇల్లంతా తిరిగే రోజుల్లో నగలు, మందులు, బ్యాంకు కాగితాలు, గోడకు అంటించిన వైఫై పాస్‌వర్డు, తాళాల గుత్తి బయట ఉండకూడదు.

ఈ రోజుల్లో కొనేవారు ఇంటిని మొదట చూసేది ఫోన్ తెర మీద. ఒక్కో ఫొటో మీద వారి చూపు నిలిచేది కొన్ని క్షణాలే. కెమెరాను ఛాతీ ఎత్తులో, నేలకు నిట్టనిలువుగా పట్టుకుని గది మూల నుంచి తీస్తే గోడలు ఒరిగినట్టు కనిపించవు. పగటివేళ, కర్టెన్లు పక్కకు జరిపి, కిటికీ అద్దాలు తుడిచాక తీయాలి. ఒకే గదిలో ఒక బల్బు పసుపు వెలుగు, మరొకటి తెల్లటి వెలుగు ఇస్తుంటే ఫొటోలో గోడ రంగే రెండు రకాలుగా పడుతుంది. అన్నీ 2700 నుంచి 3000 కెల్విన్ల (వెలుగు రంగును చెప్పే కొలమానం) మధ్య ఒకే రకం బల్బులైతే ఆ ఇబ్బంది ఉండదు. మరీ వెడల్పుగా చూపే లెన్సుతో చిన్న గదిని హాలులా చూపించడం మాత్రం సొంత కాలు నరుక్కోవడమే. వచ్చినవారు గడప దాటగానే మోసపోయామనుకుంటారు, ఆ తర్వాత నిజంగా బాగున్నవి కూడా వారి కంటికి ఆనవు.

కాగితాలు సిద్ధం చేయడం కూడా ఇంటిని సిద్ధం చేయడంలో భాగమే, కాకపోతే అది ఫొటోలో పడదు కాబట్టి చివరికి మిగిలిపోతుంది. హక్కు పత్రాలు, అనుమతి పొందిన ప్లాను, పన్ను రసీదులు, అప్పు ఉంటే దాని వివరాలు, పైకప్పుకో పైపులకో చేయించిన మరమ్మతుల బిల్లులు, ఉపకరణాల వారంటీలు ఒకే ఫైలులో ఉంటే, ధర కుదిరాక వారాల తరబడి సాగే వెతుకులాట తప్పుతుంది. కుదిరిన బేరాలు చెడిపోయేది తరచూ ఆ ఆలస్యంలోనే. ప్లానులో లేని గది ఒకటి తర్వాత కట్టి ఉంటే, ఆ సంగతి కొనేవారి న్యాయవాది కనుక్కునేలోగా అమ్మేవారే చెప్పడం మంచిది. తెలిసిన లోపాలను దాచకుండా వెల్లడించాలని అనేక చోట్ల చట్టాలే చెబుతున్నాయి. చట్టం సంగతి పక్కన పెట్టినా, మూడేళ్ల కిందట పైకప్పు కారితే ఫలానా తేదీన బాగుచేయించామని బిల్లుతో సహా చూపించే ఇంటివారి మాట మిగతా విషయాల్లో కూడా నమ్మదగినదిగా అనిపిస్తుంది. రంగు కింద దాచిన మరకను కొనేవారి తనిఖీదారు కనిపెట్టినప్పుడు జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడి నుంచి దాచనివాటిని కూడా దాచినట్టే లెక్కిస్తారు. అమ్మకానికి పెట్టకముందే సొంత ఖర్చుతో ఒక నిపుణుడి చేత తనిఖీ చేయించుకోవడం అందుకే దుబారా కాదు. తర్వాత ఎదుటివారి నోట వినాల్సినవన్నీ ముందే తెలుస్తాయి, వాటిలో దేన్ని సరిచేయాలి, దేన్ని ధరలో తగ్గించాలి అన్నది తీరికగా తేల్చుకోవచ్చు.

ఇంటిని ఎంత సిద్ధం చేసినా, ధర దగ్గర ఇంటివారి మనసు సిద్ధం కాకపోతే పని ఆగిపోతుంది. తన చేతిలో ఉన్న వస్తువుకు మనిషి ఎక్కువ విలువ కడతాడన్నది 1990లో పరిశోధకులు డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ ప్రచురించిన ప్రయోగాల్లో స్పష్టంగా కనిపించింది. అప్పుడే చేతికిచ్చిన మామూలు కాఫీ మగ్గుకు కూడా, దాన్ని పొందినవారు అడిగిన ధర కొనేవారు ఇవ్వజూపిన ధరకు రెట్టింపుకు పైగా ఉంది. కొన్ని నిమిషాల పాటు సొంతమైన మగ్గు విషయమే అలా ఉంటే, పిల్లలు నడక నేర్చుకున్న ఇంటి సంగతి చెప్పనక్కర్లేదు. బోస్టన్ అపార్టుమెంట్ల మార్కెట్‌పై డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్ 2001లో ప్రచురించిన అధ్యయనం మరొక కోణం చూపించింది. కొన్న ధర కన్నా తక్కువకు అమ్మాల్సి వచ్చినవారు, ఆ నష్టంలో 25 నుంచి 35 శాతం వరకు అడిగే ధరకు కలిపేవారు, వారి ఇళ్లు ఎక్కువ కాలం అమ్ముడుపోకుండా ఉండేవి. ఎంతకు కొన్నారన్నది అమ్మేవారి చరిత్ర; కొనేవారి లెక్కలో దానికి చోటు లేదు. అలాగని మధ్యవర్తి చెప్పిన ధరను కళ్లు మూసుకుని ఒప్పుకోనక్కర్లేదు. షికాగో ప్రాంతంలో సుమారు లక్ష ఇళ్ల అమ్మకాలను పరిశీలించిన ఆర్థికవేత్తలు స్టీవెన్ లెవిట్, చాడ్ సివర్సన్‌లు, ఏజెంట్లు తమ సొంత ఇళ్లను ఇతరుల ఇళ్ల కన్నా 3.7 శాతం ఎక్కువకు, 9.5 రోజులు ఎక్కువ ఆగి అమ్ముకున్నారని 2008లో తేల్చారు. ధర కాస్త పెరిగితే ఏజెంటుకు వచ్చే కమిషన్ వాటా స్వల్పం, మరో పది రోజుల శ్రమ మాత్రం అతడిదే. వెంటనే అమ్మేయమన్న సలహాను వినేటప్పుడు ఈ లెక్కను గుర్తుపెట్టుకోవచ్చు.

అమ్మకానికి పెట్టాక కూడా తయారీ ముగియదు. ఎవరు ఎప్పుడు వస్తారో తెలియని ఇంట్లో రోజూ మంచాలు సర్ది, గిన్నెలు కడిగి, పిల్లల బొమ్మలు ఏరి పెట్టడం కొన్ని వారాలు దాటితే విసుగు పుట్టిస్తుంది. చూసే వేళలను వారంలో రెండు రోజులకు పరిమితం చేస్తే ఆ భారం కొంత తగ్గుతుంది. వచ్చినప్పుడు ఇంటివారు గది గదికీ వెంట తిరగకుండా ఉంటేనే మంచిది. యజమాని పక్కన ఉండగా ఎవరూ మనసులోని మాట పైకి అనుకోరు. మొదటి మూడు నాలుగు వారాల్లో వచ్చే స్పందనను జాగ్రత్తగా చదవాలి. ఫోన్లే రాకపోతే లోపం ఇంట్లో కాదు, ధరలోనో ఫొటోల్లోనో ఉంది, ఎందుకంటే అప్పటికి వారు చూసింది ఆ రెండే. వచ్చి, తిరిగి, మర్యాదగా సెలవు తీసుకుని మళ్లీ పలకనివారు నలుగురు అయ్యారంటే, ఆ నలుగురూ ఇంట్లో ఎక్కడో ఒకే చోట ఆగారన్నమాట. ఆ చోటు ఏదో ఏజెంటు ద్వారా అడిగి తెలుసుకుని, అక్కడికి వెళ్లి, వారు నిలబడ్డ చోటే నిలబడి చూడాలి.